నాన్నగారి పక్క కుర్చీ

రెండో పూట కూడా కృపావతి అన్నం ముట్టలేదు.

పెళ్ళి ఎదురుగా పెట్టుకుని పెళ్ళికూతురు పస్తుంటే ఇంట్లో ఎవరి నోట్లోకి ముద్ద దిగుతుంది? ఏసుదాసు మేష్టారు మజ్జిగ దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. ఆయన అక్కగారు రూతమ్మ మాత్రం పులుసు మళ్ళీ వేయించుకుని, తింటూనే మేనకోడల్ని దులిపేసింది. చీరల దగ్గర పేచీ పెట్టిన ఆడపిల్లల్ని చూసిందట, నగల దగ్గర అలిగినవాళ్ళని చూసిందట, ఫొటోలు తీసే మనిషి కోసం కంచం తోసేసిన పిల్లని మాత్రం ఇప్పుడే చూస్తోందట.

అసలు గొడవ నిన్న సాయంత్రం మొదలైంది. పెళ్ళికొడుకు కువైట్ నుంచి వస్తూ కలర్ రీళ్ళు తెచ్చాడు. అవి వాడడం తెలిసిన ఫొటోగ్రాఫరు కాకినాడలో ఉన్నాడనీ, రీళ్ళు మద్రాసు పంపి కడిగిస్తాడనీ, అతన్నే పిలవాలనీ మగపెళ్ళివారు కబురు పెట్టారు. రూతమ్మకు ఆ కబురు తేనెలా ఉంది. చర్చిలో పెళ్ళి ప్రకటన చదవడం మొదలైన రోజునుంచీ ఆవిడ కలర్ ఫొటో కోసమే చీరలు మార్చి మార్చి చూసుకుంటోంది మరి. కృపావతి అందరి మాటలూ ఓపిగ్గా విని, చివర్న మెల్లగా చెప్పింది.

"ఫొటోలు తీసేది అమలాపురం గంగాధరరావు గారు. ఆయన కాకపోతే నా పెళ్ళికి ఫొటోలే వద్దు నాన్నగారూ."

రూతమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది. ఎందుకు వేసుకోదు? మన పేటల్లో గంగాధరరావును పిలిచేది పెళ్ళిళ్ళకు కాదు. ఇంట్లో ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళితే, పెట్టెలో పడుకోబెట్టి, పెట్టెను తలవైపు కాస్త ఎత్తి, చుట్టూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫొటో తీయించడం మనవాళ్ళ ఆనవాయితీ. దూరాన ఉండి మట్టివేళకు అందుకోలేని పిల్లలకు కడసారి చూపు ఆ ఫొటోయే. అంబాజీపేట నుంచి ఓడలరేవు దాకా ఆ ఫొటో తీసే చెయ్యి ఆయనదే. మూడుకాళ్ళ స్టాండు భుజాన పెట్టుకుని ఆయన సందు మలుపు తిరిగాడంటే చాలు, అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడి "ఎవరింట్లోనండీ" అని అడుగుతారు. ఆ మనిషిని పెళ్ళిపందిట్లోకి పిలిస్తే వచ్చిన చుట్టాలు మొహాన ఉమ్మేసి పోతారని రూతమ్మ కేకలు వేసింది.

కృపావతికి ఇదంతా తెలియక కాదు. ఆ పిల్ల పట్టుదల వేరు.

ముందుగదిలో గోడమీద ఆమె తల్లి సువార్తమ్మ ఫొటో ఉంది. కృపావతిని కన్న మూడో రోజున కన్నుమూసిన తల్లి. ఆ తల్లికి ఈ భూమ్మీద మిగిలిన ఫొటో అదొక్కటే. అట్ట అడుగున గంగాధరరావు స్టూడియో ముద్ర ఉంటుంది. నీ తల్లి నువ్వు కడుపులో ఉన్నప్పుడు అమలాపురం వెళ్ళి ముచ్చటపడి తీయించుకుందని ఇంట్లో అందరూ ఆ పిల్లకు చెప్పి పెంచారు.

"పోయినవాళ్ళని కూడా గ్రూపు ఫొటోలో కూర్చోబెడతారాయన," అంది కృపావతి. స్నేహితురాలు ఇందిర పెళ్ళిఫొటోలో ఎప్పుడో పోయిన తాతగారు కర్ర పట్టుకుని కూర్చున్నారట, చెబితే తప్ప ఎవరూ పోల్చుకోలేరట. "మీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచితే చాలు నాన్నగారూ. అందులో మా అమ్మ కూర్చుంటుంది."

రూతమ్మ కూడా నోరు మూసుకుంది. తండ్రి పక్క కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు. ఆ కుర్చీ మనిషి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

కాంతమ్మ సువార్తమ్మకు సొంత చెల్లెలు. అక్క పోయిననాడు, పాలకు ఏడుస్తున్న పసిగుడ్డును చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆమెకే ఇంకా ఓణీ సరిగ్గా నిలిచేది కాదు. ఏడాది తిరగ్గానే పెద్దలు ఆలోచించి, బిడ్డకు పరాయి చెయ్యి తగలకూడదని, ఆమెనే ఏసుదాసుకిచ్చి చేశారు. తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. కలగలేదని ఆమె బాధపడిందీ లేదు. ఒక్క బాధ మాత్రం ఉంది. కృపావతి ఆమెను ఏనాడూ అమ్మా అనలేదు. పిన్నీ అనే పిలిచింది, పిన్నీ అనే పెరిగింది.

కృపావతి నోరు తెరిచి అడిగితే కాదన్న మనిషి కాదు కాంతమ్మ. అందుకే అందరూ ఆమె వైపు చూసి, తల ఊపుతుందనుకున్నారు. ఆమె ఊపలేదు.

"గంగాధరరావు గారు ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు," అంది.

ఏసుదాసు మేష్టారు కళ్ళద్దాలు తీసి ఆమె వంక చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ గొంతు వినలేదు. రూతమ్మకు కొండంత బలం వచ్చింది. కృపావతి మాత్రం మెల్లగా లేచి పిన్ని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు తెలుసు పిన్నీ. ఆ కుర్చీ వదల్లేకపోతున్నావు."

"అది కాదమ్మా."

"ఇరవయ్యేళ్ళు కూర్చున్నావుగా అందులో. ఒక్క ఫొటోకి మా అమ్మకివ్వలేవా?"

అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అదే నిన్నటి సాయంత్రం. ఇదిగో, ఈ మధ్యాహ్నానికి కూడా ఆ తలుపు అన్నానికి తెరుచుకోలేదు.

కాంతమ్మ ఎంగిలి కంచాలు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తోముతున్న కంచాన్నే మళ్ళీ తోముతూ ఉండిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ కుర్చీ మీద ఆమెకు ఆశ ఉంది. కొద్దిగా కాదు, చాలా ఉంది. బండారులంక నుంచి తెచ్చిన గంధంరంగు చీర కట్టుకుని, భర్త పక్కన కూర్చుని, పెళ్ళికూతురి తల్లినని ప్రపంచానికి ఒక్క ఫొటోలో కనబడాలని ఆమె రోజూ పడుకోబోయే ముందు ఊహించుకుంటోంది. పిల్ల అన్నమాట అందుకే అంత గుచ్చుకుంది. అందులో సగం నిజం.

మిగతా సగమే పిల్లకు తెలియదు.

సువార్తమ్మ బతికుండగా ఏ స్టూడియో గుమ్మమూ ఎక్కలేదు. వాళ్ళ పెళ్ళినాటికి ఫొటో అనే మాటే ఆ ఇంట్లో లేదు. గంగాధరరావు ఆమెను తీసింది పెట్టెలోనే, కళ్ళు మూసుకుని ఉండగా. తర్వాత అమ్మమ్మ పోలమ్మ ఆయన దగ్గర కూర్చుని ఏడిచింది. పసిదానికి తల్లి మొహం ఒకటి గోడమీద ఉండాలి కదా బాబూ, పెట్టెలోది ఎలా చూపించేది, అని. ఆయన చాలాసేపు ఆలోచించాడు. మొహం పెద్దది చేసి తెల్లచీర కుచ్చెళ్ళు కుంచెతో దిద్దగలడట, కళ్ళు మాత్రం కుంచెతో వేస్తే బొమ్మ కళ్ళలా ఉంటాయట. అలా అంటూ తల తిప్పి, మూల నిలబడిన కాంతమ్మను చూశాడు.

మర్నాడు పోలమ్మ ఆమెను అమలాపురం తీసుకెళ్ళింది. మేడమెట్లూ పూలకుండీలూ గీసిన గుడ్డపరదా ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. కాంతమ్మ వణికిపోయింది. అక్కను తలుచుకోకు, ఏడుపొస్తుంది, ఆ పసిదాన్ని తలుచుకో అన్నాడాయన. తలుచుకుంది. ఆ రోజే తొలిసారి ఆ బిడ్డ తన వేలు పట్టుకుంది. అది తలుచుకుంటే పెదవుల మీదికి నవ్వు రాబోయింది. ఆ ఫొటోలోంచి కళ్ళు కత్తిరించి, అక్క మొహానికి అతికించి, అతుకులు దిద్ది, మళ్ళీ ఫొటో తీశాడు.

ఏసుదాసు ఆ కళ్ళు కుంచెతో వేసినవే అనుకున్నారు. ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. ఎవరికీ చెప్పనని పోలమ్మ కూతురి చేత బైబిలు మీద ఒట్టు వేయించింది. తను పోయేటప్పుడు, సువార్తమ్మను పెట్టెలో ఉండగా తీసిన ఆ అసలు ఫొటోను తన శవపెట్టెలోనే పెట్టించుకుని తీసుకుపోయింది.

కృపావతి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ గోడతోనే మాట్లాడింది. బడిలో దెబ్బలు తింటే అక్కడికే వెళ్ళి చెప్పుకుంది. పరీక్ష పాసయితే అక్కడే చెప్పింది. పెళ్ళికొడుకు నచ్చాడని ముందు ఆ ఫొటోకే చెప్పింది, కాంతమ్మ పక్కగదిలో దుప్పట్లు మడతపెడుతూ విన్నది. నేనెక్కడ నిలబడ్డా మా అమ్మ నావైపే చూస్తుంది అని ఆ పిల్ల ఇందిరతో గొప్పగా చెప్పుకునేది. ఆ కళ్ళు నావే తల్లీ, ఒక్కసారి ఇటు తిరుగు అనే మాట కాంతమ్మ నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేది. ఆ మాట బయటపడితే తనకు కూతురు దొరుకుతుందో లేదో గాని, కూతురికి తల్లి మాత్రం పోతుంది.

గంగాధరరావు మాటకారి మనిషి. పందిట్లో పదిమంది మధ్య తనను చూడగానే ఆనవాలు పట్టి ఏదో అనేస్తాడు. అదీ ఆమె భయం.

కంచాలు బోర్లించి ఆమె లేచింది. జాకెట్లు కుట్టడం అయిందేమో అమలాపురం వెళ్ళి చూసొస్తానని భర్తకు చెప్పి బస్సెక్కింది. అంబాజీపేటలో ఎండు కొబ్బరి వాసన బస్సంతా నిండింది. ఆయన్ని ఎలా బతిమాలాలో దారి పొడుగునా కూడబలుక్కుంది.

స్టూడియోలో పరదా మారలేదు, మెట్ల రంగు వెలిసిపోయింది. గంగాధరరావు జుట్టూ నెరిసిపోయింది. ఆమె కొంగు తలమీదికి లాక్కుని నేల చూస్తూ నిలబడితే ఎవరో అనుకుని, ఎవరింట్లోనమ్మా అని అడిగాడు. ఆమె తల ఎత్తింది.

"ఆయ్, మీరా అండీ," అన్నాడాయన, గొంతు తగ్గించి. "రండి, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. మా ఇంటినుంచి ఎవరొచ్చి అడిగినా పెళ్ళిరోజు తీరిక లేదని చెప్పాలి బాబుగారూ అని గబగబా చెప్పేసింది. ఆయన వింటూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మీ అమ్మాయిగారు ఇదివరకే వచ్చేరండి. ఇందిరమ్మని తోడు తీసుకుని."

ఏం చెప్పారు బాబుగారూ అంది కాంతమ్మ.

"కంగారు పడకండి. నేనేం బయట పెట్టలేదండి. అయితే ఆవిడ ఒకటడిగేరు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన రోజు ఎలా ఉందండీ, ఏం మాట్లాడిందండీ అని." ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "అలా అడిగితే రాలేదని ఎలా చెప్పనండీ? మీరొచ్చిన రోజు సంగతే ఆవిడ తల్లిదన్నట్టు చెప్పేను. భయపడ్డారనీ, వణికేరనీ. కడుపులో బిడ్డని తలుచుకోమంటే నవ్వొచ్చిందనీ. ఆ పిల్ల ఆ స్టూలు పట్టుకుని ఏడ్చేసిందండి."

కాంతమ్మ ఆ స్టూలు వైపు చూసింది. పిల్ల పంతం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. తనను తలుచుకుని తల్లి నవ్విందని తెలిశాక ఏ పిల్ల మాత్రం ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకోవాలనుకోదు? ఆ నవ్వు తనది. ఆ వణుకు తనది. పిల్ల ప్రేమించేదంతా తననే, పేరొక్కటే తనది కాదు.

ఆమె తేరుకుని, మీరు చెప్పనని మాటిస్తే మీరే రండి, ఆ కుర్చీ మా అక్కకే వదిలేస్తాను అంది. అప్పుడాయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఖాళీ కుర్చీతో పని జరగదండి. ఒట్టి మొహం కుర్చీలో కూర్చోదు కదండీ. ఆవిడ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అందులో కూర్చోవాలి. తీసేక మొహం మారుస్తాను." ఆయన ఆమె వంక చూడకుండా అన్నాడు. "అక్కచెల్లెళ్ళు కదా. మీ భుజాలూ ఆవిడ భుజాలూ ఒకటేనండి."

"అంటే నేనే కూర్చోవాలా?"

"ఆయ్."

"నా మొహం?"

"తీసేయాలండి." ఓదార్పుగా చెప్పాడు. "పాత ఫొటో చిన్నది చేస్తే కళ్ళు మసకబారతాయి. కళ్ళ వరకూ మీవే ఉంచేస్తాను."

తిరుగు బస్సులో ఆమెకు కిటికీ పక్క చోటు దొరికింది. బయట ఏ ఊళ్ళు పోయాయో చూడలేదు. గంధంరంగు చీర కట్టుకుంటుంది. భర్త పక్కనే కూర్చుంటుంది. వచ్చినవాళ్ళందరూ చూస్తారు. తర్వాత ఫొటో వస్తుంది, అందులో ఆమె ఉండదు. ఎంత వద్దనుకున్నా ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవరూ పోలేదండీ, కూతురి పెళ్ళి అని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

కువైట్‌లో ఏదో గదిలో గోడకు ఆ ఫొటో ఉంటుంది. పనులయ్యాక కృపావతి దాని ముందు నిలబడి ఆ రోజు సంగతులన్నీ చెబుతుంది. చెబుతూ ఆ కళ్ళలోకి చూస్తుంది. బస్సు దిగేసరికి కాంతమ్మకు ఇక చాలనిపించింది. పేరు లేకపోతే పోయింది, ఆ చూపు తనమీద పడితే చాలు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రూతమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది. మేష్టారు అరుగుమీద ఉన్నారు. కాంతమ్మ కాళ్ళు కడుక్కుని, అన్నం వడ్డించి, కంచం తీసుకుని వెళ్ళి తలుపు తట్టింది.

"గంగాధరరావు గారే వస్తారు. నేనే వెళ్ళి చెప్పొచ్చేను. తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. కృపావతి మొహం ఉబ్బిపోయి ఉంది. పిన్ని మాట నమ్మాలో లేదో తెలియక అలా చూస్తూ నిలబడింది. కాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి కంచం ముందు పెట్టింది. కాకినాడ మనిషిని కూడా రానిద్దామనీ, రంగు ఫొటోలు మగపెళ్ళివారికీ, గ్రూపు ఫొటో మనకూ అనీ, రూతమ్మతో తను మాట్లాడతాననీ మామూలు గొంతుతో చెప్పుకుపోయింది. కృపావతి ముద్ద నోట్లో పెట్టుకుంది. కన్నీళ్ళు కంచంలో పడ్డాయి.

"నిన్న నేనన్న మాట..."

"అన్నం తిను ముందు."

నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాక పిల్లకు ప్రాణం లేచొచ్చింది. మాటలు మొదలుపెట్టింది. అమ్మకు ఏ చీర అయితే బాగుంటుందో, నాన్నగారికి కోటు వేయించాలా వద్దా అని అడిగింది. చంటిపిల్లప్పుడు మాట్లాడినట్టు, ఆపకుండా. కాంతమ్మ పక్కన కూర్చుని వింటూ ఉంది. ఇలా తన ఎదురుగా కూర్చుని ఆ పిల్ల మనసు విప్పి ఎన్నాళ్ళయింది? ఈ ఒక్క సాయంత్రం కోసం ఇంకేం వదులుకోమన్నా వదులుకునేట్టుంది ఆమె.

కృపావతి ఉన్నట్టుండి మాట ఆపింది.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావు పిన్నీ?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. కలిగింది సంతోషమో దుఃఖమో కాంతమ్మకే తెలియలేదు.

"ఆ కుర్చీలోనే అమ్మా. ఎవరో ఒకరు కూర్చోకపోతే కుదరదట. అక్కా నేనూ ఒకే ఒడ్డూ పొడుగూ కదా, నన్ను కూర్చోమన్నారు."

"అయితే ఫొటోలో నువ్వే పడతావుగా?"

"మొహం మార్చేస్తారు."

కృపావతి కంచం కాస్త పక్కకు జరిపింది. "నీ మొహం చెరిపేస్తారా? నువ్వు ఒప్పుకున్నావా?"

పిల్ల మొహంలో బాధ చూసి కాంతమ్మ తట్టుకోలేకపోయింది. ఇరవయ్యేళ్ళలో ఆ పిల్ల తన కోసం బాధపడడం ఇదే మొదటిసారి. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలనుకుంది. ఆలోచించుకోలేదు.

"అంతా పోదులే తల్లీ. కళ్ళు ఎలాగూ నావే కదా, వాటినేం ముట్టుకోరు."

అన్న తర్వాత తెలిసింది ఏమన్నదో.

అరుగుమీద మేష్టారి కుర్చీ కిర్రుమని ఆగిపోయింది. కృపావతి కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసింది. పిన్ని వంక చూసింది. తలుపు సందులోంచి ముందుగదిలో గోడమీద ఉన్న తల్లి వంక చూసింది. మళ్ళీ పిన్ని వంక చూసింది.

"ఎలాగూ నీవేంటి?"

కాంతమ్మ నీళ్ళ చెంబు అందుకోబోయింది. చెంబు దొర్లి నీళ్ళు నేలమీద ఒలికాయి. తుడవడానికి వంగింది. కృపావతి ఎడమచేత్తో ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఇటు చూడు పిన్నీ."

కాంతమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరువు," అంది కృపావతి.